మన్యం ప్రజల వైద్యుడు అల్లూరి సీతారామరాజు

అల్లూరి సీతారామరాజు పేరు వినని తెలుగు కుటుంబం ఉండదు. మన పిల్లలు ఆయన పాఠాన్ని బడిలో చదువుతారు. 1974లో వచ్చిన సినిమాను మన పెద్దలు ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. విల్లు, అంబులపొది, గడ్డం, కాషాయ వస్త్రం అనగానే ఆయన రూపం కళ్ళ ముందుకు వస్తుంది. అయితే ఆ వీరుడు ఆయుధం పట్టడానికి ముందు దాదాపు ఐదేళ్ళ పాటు మన్యం ప్రజలకు వనమూలికలతో మందులిచ్చిన వైద్యుడని ఎంతమందికి గుర్తుంది? ఆ వైద్యుని జీవితాన్ని, ఇరవై ఆరేళ్ళ వయసులో ఆయనకు కలిగిన ఘోరమరణాన్ని ఈ వారం తెలుసుకుందాం. ఈ చరిత్ర దూరదేశానిది కాదు. అనకాపల్లి జిల్లాలోని కృష్ణదేవిపేటలోనే ఆయన సమాధి ఉంది.

బాల్యం

సీతారామరాజు 1897 జూలై 4న విశాఖ జిల్లా పాండ్రంగి గ్రామంలో జన్మించారు. అది తల్లిగారి ఊరు. తండ్రి వెంకటరామరాజుగారి స్వస్థలం భీమవరం దగ్గరి మోగల్లు. తల్లి పేరు సూర్యనారాయణమ్మ. ఒక చెల్లెలు, ఒక తమ్ముడు. తాతగారి పేరు మీదుగా పిల్లవానికి శ్రీరామరాజు అని పేరు పెట్టారు. సీతారామరాజు అన్న పేరు చాలాకాలం తరువాత వ్యాప్తిలోకి వచ్చింది. 1922లో పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో కూడా ఆయన శ్రీరామరాజు అనే సంతకం చేశారు.

ఆయన పుట్టిన సంవత్సరానికి వైద్య చరిత్రలో కూడా ప్రాముఖ్యం ఉంది. అదే 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నారు. మన్యంలో పిల్లలను, పెద్దలను ఏటేటా బలి తీసుకునే చలిజ్వరం గుట్టు ఆనాడు బయటపడింది. కాని ఆ జ్ఞానం మన కొండలెక్కి గూడేల్లోని రోగి మంచం వద్దకు చేరడానికి ఎన్నో ఏళ్ళు పట్టింది.

తండ్రి రాజమండ్రిలో ఫోటోలు తీసే వృత్తిలో ఉండేవారు. 1908లో గోదావరి పుష్కరాల సమయంలో కలరా సోకి ఆయన మరణించారు. అప్పటికి బాలుడు ఇంకా చిన్నవాడే. పినతండ్రి రామకృష్ణంరాజుగారు తహసీల్దారు ఉద్యోగి. ఆయన కుటుంబాన్ని ఆదుకొన్నారు. తండ్రి లేని ఇంట చదువు ఒకచోట నిలకడగా సాగలేదు. నరసాపురం, కాకినాడ, తుని, విశాఖపట్నం అంటూ ఊళ్ళు మారారు. బడి పాఠాల మీద ఆయన మనసు పెద్దగా నిలవలేదు. అశ్వారోహణం, జ్యోతిషం, మూలికా వైద్యం నేర్చుకోవడంలో మాత్రం ఎంతో శ్రద్ధ చూపారు. యుక్తవయసులోనే సంసారబంధాలకు దూరంగా ఉండాలని నిశ్చయించుకొని ఉత్తరాది పుణ్యక్షేత్రాలకు యాత్ర వెళ్ళివచ్చారు.

కృష్ణదేవిపేటలో వైద్యం

1917లో ఆయన కృష్ణదేవిపేట చేరారు. మైదానం ముగిసి కొండలు మొదలయ్యే చోట, తాండవ నది పరిసరాల్లో ఉన్న ఊరది. ఊరిలోని చిటికెల భాస్కరుడుగారి కుటుంబం ఆదరించింది. తరువాత తల్లి, తమ్ముడు కూడా వచ్చి ఆయనతో ఉన్నారు.

ఆ రోజుల్లో మన్యంలో జబ్బు చేయడమంటే ఏమిటో ఒకసారి ఊహించండి. రోడ్లు లేవు. డాక్టరు ఉండేది కొండ దిగువన. మలేరియా భయంతో ప్రభుత్వోద్యోగులు సైతం మన్యానికి బదిలీ అంటే హడలిపోయేవారు. విశాఖపట్నంలో ఈనాడు మనమందరం పరుగెత్తే కింగ్ జార్జి ఆసుపత్రి 1923లో గాని ప్రారంభం కాలేదు. అక్కడి వైద్య కళాశాల వయసు కూడా అంతే. అటువంటి కాలంలో, గూడెంలోని రోగి గుడిసె దాకా నడిచివచ్చి మందిచ్చే చదువుకున్న మనిషి దొరకడం కొండ ప్రజలకు ఎంత పెద్ద సంగతో వేరే చెప్పనక్కరలేదు.

ఆయనకు వైద్య పట్టా ఏదీ లేదు. చెట్టు వేరు, ఆకు, బెరడు, వాటిని వాడే పద్ధతి ఆయన చదివి, పెద్దలను అడిగి నేర్చుకొన్నవే. రోగికి మందివ్వడంతో ఊరుకోక మంచి చెడ్డలు కూడా చెప్పేవారు. అప్పుడే గాంధీగారి సహాయ నిరాకరణోద్యమం దేశమంతా పాకుతోంది. ఖద్దరు కట్టమని, కల్లు, సారా మానమని, తగవులొస్తే కోర్టులకెక్కి ఇల్లు గుల్ల చేసుకోక పెద్దమనుషుల పంచాయతీలో తీర్చుకొమ్మని గూడెం గూడెం తిరిగి చెప్పారు. చాలామంది కల్లు మానారు. తగవులు పంచాయతీల్లోనే తెమిలిపోయాయి. మందిచ్చిన చేతి మీది గురి వల్లనే ఆయన మాటకు అంత విలువ వచ్చింది.

రోగానికి మందుంది, ఆకలికి ఏది?

గూడేల్లో తిరిగే వైద్యుడు రోగాన్ని మాత్రమే చూసి రాలేడు. ఆ రోగి ఇంట గంజి ఉందో లేదో, వంటి మీద దెబ్బలు ఎందుకు పడ్డాయో కూడా అతని కంట పడతాయి. సీతారామరాజుగారి కంట పడింది కూడా అదే.

కొండ ప్రజలకు పోడు వ్యవసాయమే ఆధారం. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక తాతల నాటి అడవిలో చెట్టు కొట్టడం, పశువులను మేపడం, పోడు కొట్టడం నేరమైపోయింది. అంతకు ముందే కల్లు గీత మీద వేసిన ఆంక్షలు, పన్నుల వల్ల 1879లో రంపలో పెద్ద తిరుగుబాటు జరిగింది. మన్యంలో ఇటువంటి తిరుగుబాట్లను ఫితూరీలు అనేవారు. ఒక ఫితూరీ అణగిన కొన్నేళ్ళకు మరొకటి లేవడం అక్కడ మామూలైపోయింది.

1920 ప్రాంతంలో గూడెం డిప్యూటీ తహసీల్దారుగా బాస్టియన్ అనే అధికారి ఉండేవాడు. నర్సీపట్నం నుండి లంబసింగి ఘాటు మీదుగా రోడ్డు వేయించే పనికి కొండ ప్రజలను బలవంతంగా తెచ్చేవారు. చెప్పిన కూలి చేతికొచ్చేది కాదు. పని ఆపితే కొరడా దెబ్బలు. బట్టిపనుకుల మునసబు గాం గంటందొర ఈ అధికారి కోపానికి గురై ఉద్యోగం పోగొట్టుకొన్నాడు. అర్జీలు పెట్టినా ఆలకించిన పై అధికారి లేడు. గంటందొర, తమ్ముడు మల్లుదొర తరువాత రాజుగారికి కుడి ఎడమ భుజాలయ్యారు.

రాజుగారి మీద కూడా ప్రభుత్వానికి అనుమానం కలిగింది. 1922 ఆరంభంలో పిలిపించి విచారించి, పోలీసుల కనుచూపులో ఉంచారు. అప్పుడు పోలవరం డిప్యూటీ కలెక్టరుగా ఉన్న ఫజులుల్లాఖాన్ ఆయన యందు గౌరవం చూపి, పైడిపుట్టలో భూమి ఇప్పించి కుటుంబంతో ఉండే ఏర్పాటు చేశారు. తనకు మేలు చేసిన ఆ అధికారికి ఇబ్బంది కలిగించడానికి రాజుగారి మనసు ఒప్పలేదంటారు. నేపాలు యాత్రకు వెళ్తానని అనుమతి తీసుకొని అక్కడి నుండి బయటపడ్డారు. చేరింది మాత్రం మన్యానికే.

ఇక్కడ ఆయన జీవితం మలుపు తిరిగింది. అహింసతో స్వరాజ్యం వస్తుందన్న నమ్మకం ఆయనకు లేకపోయింది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో చౌరీచౌరా సంఘటన తరువాత గాంధీగారు సహాయ నిరాకరణను నిలిపివేశారు. గాంధీగారి ఖద్దరును, మద్యనిషేధాన్ని శిరసావహించిన ఈ యువకుడు గాంధీగారి మార్గాన్ని మాత్రం విడిచి ఆయుధం పట్టారు.

మూడు రోజుల్లో మూడు స్టేషన్లు

1922 ఆగస్టు 22న సుమారు మూడు వందల మందితో చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డారు. మరునాడు కృష్ణదేవిపేట. ఆ మరునాడు రాజవొమ్మంగి. మూడు చోట్లా ప్రాణనష్టం లేకుండా ఇరవై ఆరు తుపాకులు, రెండున్నర వేల వరకు గుళ్ళు చేజిక్కాయి. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న వీరయ్యదొరను విడిపించారు. ఏమేమి తీసుకొన్నదీ స్టేషను పుస్తకంలో రాసి సంతకం చేసి మరీ వెళ్ళారు. తరువాతి రోజుల్లో మిరపకాయ టపా పంపి ఫలానా రోజున వస్తున్నామని ముందుగా కబురు చేసేవారని మన్యంలో నేటికీ చెప్పుకొంటారు.

రాజుగారు తన దళానికి ఒక కట్టడి పెట్టారు. భారతీయుడైన పోలీసును గాని, సిపాయిని గాని చంపరాదు. ఈ కట్టడి ఎంత కఠినంగా పాటించారో సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో తేలింది. ఇరుకు దారిలో ముందుగా నడుస్తున్న భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనుక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్లేయ అధికారులను కాల్చివేశారు. ఆ వార్త మద్రాసు ప్రభుత్వాన్ని కుదిపివేసింది. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం మీద దాడులు జరిగాయి. అప్పటికి పోలీసులు ఆయుధాలను దాచివేయడంతో తుపాకులు దొరకలేదు గాని, జనం ఆయనకు ఘనంగా స్వాగతం పలికారు.

ప్రభుత్వం మలబారు పోలీసు దళాలను దించింది. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం వద్ద జరిగిన పోరులో రాజుగారి దళం పలువురిని పోగొట్టుకొంది. అప్పటి నుండి చాలాకాలం కొండల్లో దాగుడుమూతలే. 1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డాడు. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దళాన్ని రప్పించారు. రూథర్‌ఫర్డ్ అనే అధికారిని ప్రత్యేకంగా నియమించి, తిరుగుబాటును ఏ విధంగానైనా అణచివేయమన్నారు. రాజుగారి తల మీద పదివేల రూపాయల వెల ప్రకటించారు.

ఈ రెండేళ్ళలో ఎక్కువ బాధ పడినది ఎవరు? గూడేల్లోని ఆడవాళ్ళు, పిల్లలు. కొండపైకి తిండి గింజలు పోకుండా కట్టడి చేశారు. రాజుగారి జాడ చెప్పమని ఊళ్ళకు ఊళ్ళను హింసించారు. ఎంత బాధ పెట్టినా ఆయన జాడ చెప్పినవారు అరుదు. ఒకనాడు తమ బిడ్డకు మందిచ్చి బ్రతికించిన మనిషిని పదివేలకు అమ్ముకోవడానికి ఆ పేదలకు చేతులు రాలేదు. తన మూలంగా ప్రజలు పడుతున్న కష్టం చూడలేక ఆయన చివరి రోజుల్లో లొంగిపోవడానికే సిద్ధపడ్డారని చెప్పేవారు కూడా ఉన్నారు.

కొయ్యూరులో హత్య

1924 మే 6న దళంలో మిక్కిలి సాహసి అయిన అగ్గిరాజు పట్టుబడ్డాడు. మరునాడు, అంటే మే 7 ఉదయం, మంప గ్రామం దగ్గర ఒక కుంటలో స్నానం చేస్తూ రాజుగారు పోలీసుల కంట పడ్డారు. కంచు మేనన్ అనే జమేదారు ఆయనను బంధించి కొయ్యూరులో ఉన్న మేజర్ గుడాల్ వద్దకు తీసుకుపోయాడు.

ఆ తరువాత జరిగినది చరిత్రకు మచ్చ. చేత ఆయుధం లేని, బంధించిన ఖైదీ ఆయన. ఏ న్యాయాధిపతి ముందు నిలబెట్టలేదు. అభియోగం చదవలేదు. సమాధానం చెప్పుకొనే అవకాశం ఇవ్వలేదు. గుడాల్ ఆయనను చెట్టుకు కట్టించి కాల్పించాడు. పారిపోబోగా కాల్చవలసి వచ్చిందని ప్రభుత్వం ప్రకటించుకొంది. చెట్టుకు కట్టిన మనిషి ఎక్కడికి పారిపోతాడని మన్యంలోని పసిపిల్లలు సైతం అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదు. మరునాడు, మే 8న మృతదేహాన్ని ఫోటో తీయించి కృష్ణదేవిపేటలో దహనం చేశారు. ఏ ఊరిలో రోగులకు మందిచ్చారో ఆ ఊరి మట్టిలోనే ఆయన కలిసిపోయారు.

జూన్ నెలలో గంటందొర పోలీసు కాల్పుల్లో మరణించాడు. అగ్గిరాజును అండమాను పంపారు. మల్లుదొరకు పడిన ఉరిశిక్ష యావజ్జీవంగా మారింది. ఆయన బ్రతికి బయటపడి, 1952లో స్వతంత్ర భారతపు మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుండి సభ్యుడయ్యాడు. ఫితూరీదారుగా సంకెళ్ళు వేసుకొన్న కొండదొర పార్లమెంటులో కూర్చున్న రోజును చూడడానికి రాజుగారు లేరు.

మనం ఆలోచించవలసినది

రోగులకు మందిచ్చిన చేయి మనుషుల మీద గురిపెట్టడం సరైనదేనా? ఈ ప్రశ్నను దాటవేయకూడదు. దామనపల్లిలో కూలిన ఇద్దరు ఆంగ్లేయులు కూడా ఎవరో తల్లుల బిడ్డలే. నరహత్య చేయరాదన్న ఐదవ ఆజ్ఞను పిల్లలకు నేర్పే మన ఇళ్ళలో ఈ మాట చెప్పుకొనే తీరాలి. గాంధీగారు కూడా ఇదే ఇరకాటాన్ని ఎదుర్కొన్నారు. 1929లో ఆంధ్రదేశంలో పర్యటించిన తరువాత ఆయన సీతారామరాజును గురించి రాస్తూ, సాయుధ తిరుగుబాటును తాను మెచ్చలేనని స్పష్టం చేశారు. అయినా ఆ యువకుని ధైర్యానికి, త్యాగానికి, నిరాడంబర జీవితానికి తల వంచారు. మార్గాన్ని కాదంటూనే మనిషిని గౌరవించడం ఎలాగో అక్కడ మనకు తెలుస్తుంది.

రెండో సంగతి కూడా అంతే ముఖ్యమైనది. పట్టుబడిన మనిషి ఎంతటి నేరస్థుడైనా సరే, అతని ప్రాణం పట్టుకొన్నవాని దయాదాక్షిణ్యాల మీద ఆధారపడకూడదు. న్యాయస్థానం ఉన్నది అందుకే. కొయ్యూరులో ఆనాడు తప్పిపోయినది ఆ న్యాయమే. ఎక్కడైనా ఖైదీని విచారణ లేకుండా చంపారన్న వార్త విన్నప్పుడు పోనీలే అని మనం ఊరుకుంటే, గుడాల్ చేసిన పనికి కూడా తలూపినట్లే అవుతుంది.

మూడోది, అన్నిటికన్నా మనకు దగ్గరిది. అర్జీ పెట్టినప్పుడే ఎవరైనా ఆలకించి ఉంటే, చెప్పిన కూలి చేతికిచ్చి ఉంటే, పోడు కొట్టుకొనే పేదవాణ్ణి మనిషిగా చూసి ఉంటే ఈ రక్తపాతానికి అవసరమే ఉండేది కాదేమో! అన్యాయాన్ని మొగ్గలో సరిదిద్దని చోట హింస మొలకెత్తుతుంది. ఆ తరువాత దోషులకన్నా నిర్దోషులే ఎక్కువ నష్టపోతారు.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అదే రోజున అనకాపల్లి జిల్లా కూడా ఏర్పడింది. ఆయన విప్లవానికి రంగస్థలమైన చింతపల్లి, కొయ్యూరు ఆయన పేరిటి జిల్లాలో ఉండగా, కృష్ణదేవిపేట మన జిల్లాలో ఉంది. నూట ఇరవై అయిదవ జయంతి సందర్భంగా 2022 జూలై 4న భీమవరంలో ముప్పై అడుగుల విగ్రహాన్ని ప్రధానమంత్రి ఆవిష్కరించారు. ఇవన్నీ సంతోషించదగినవే.

అయితే రోడ్డు లేని గూడేల నుండి గర్భిణులను డోలీ కట్టి మైళ్ళ కొద్దీ మోసుకొస్తున్నారన్న వార్తలను మనం నేటికీ పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. సంతకు దిగివచ్చిన కొండ మనిషికి తూకంలో మోసం జరగడం, ఆసుపత్రి వరండాలో అతనికి దారి చెప్పే దిక్కు లేకపోవడం మన కళ్ళ ముందే జరుగుతున్నాయి. మన ఇళ్ళల్లో నర్సులున్నారు, ఉపాధ్యాయులున్నారు, వ్యాపారులున్నారు, చదువుకుంటున్న యువతీ యువకులున్నారు. కొండ నుండి వచ్చిన రోగికి వార్డు ఎక్కడో చూపించడం, మందు చీటీ చదివి వాడే విధం విడమర్చి చెప్పడం, సరుకుకు సరైన ధర ఇవ్వడం మనలో ఎవరికీ చేతకాని పనులు కావు. ఇరవై ఏళ్ళ ప్రాయంలో మందులతో కొండెక్కిన ఆ వైద్యుని పేరు పిల్లలకు చెప్పే రోజున, ఈ చిన్న పనుల్లో ఒకటైనా వారి చేత చేయిద్దాం.